చెక్క నేల గుడారం

మా అక్క గుడారం ఫొటో చూసి అది వానకు కారుతుందో లేదో చెప్పగలదు. గొప్పకు చెబుతున్న మాట కాదు. గుంటూరులో మిర్చి యార్డుకు వెళ్ళే దారిలో ఆమెకు పట్టాల దుకాణం ఉండేది. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల మీద కప్పే పట్టాలు, పత్తి బోరాల మీద కప్పేవి, లారీలకు కట్టే టార్పాలిన్లు, అన్నీ అక్కడ కుట్టేవాళ్ళు. బావ ఉన్నన్నాళ్ళు అది బావ దుకాణం. ఆయన గుండె ఆగి పోయాక ఆరు నెలలు మూతపడింది. తర్వాత అక్కదయింది. నాలుగు మిషన్లు, వాటి మీద నలుగురు ఆడవాళ్ళు. అక్క మిషన్ మీద కూర్చునేది కాదు. మిషన్ సూది దిగని చోట్ల, మూలల్లో, తాడు దూర్చే ఇత్తడి రింగుల చుట్టూ దబ్బనంతో చేత్తో కుట్టేది. ఆమె అరచెయ్యి పట్టుకుంటే ఉప్పుకాగితం పట్టుకున్నట్టు ఉండేది.

నేను మార్టూరు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. మా ఆయన చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరు. వారానికొకసారి ఇంటికి వచ్చేవారు. పిల్లలు లేరు. వేసవి సెలవులు వచ్చాయంటే నేను గుంటూరు వెళ్ళి అక్క దగ్గర నాలుగు రోజులు ఉండేదాన్ని. రెండువేల మూడో, నాలుగో, సరిగ్గా గుర్తులేదు, ఆ వేసవికి ముందు సంక్రాంతి వెళ్ళిన రోజుల్లో ఒక ఆదివారం దుకాణంలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే, ఉత్తరాదిన హిమాలయాల అంచున ఉన్న ఒక నేషనల్ పార్కు గురించి పెద్ద వ్యాసం కనబడింది. దేవదారు చెట్లు, మంచు కొండ, వాటి ముందు వరసగా గుడారాలు. ఆ గుడారాల్లో మంచాలు, దుప్పట్లు, బల్ల మీద టీ కప్పు.

అక్క పేపరు నా చేతిలోంచి లాక్కుంది. చెట్ల వంక చూడలేదు, కొండ వంకా చూడలేదు.

"ఏందే ఇది? దీంట్లో జనం కాపురం ఉంటారా?"

"రెండు మూడు రోజులుంటారక్కా. లాడ్జి లాగా. అద్దెకిస్తారు."

"ముప్పై ఏళ్ళు కుట్టాను ఈ గుడ్డ. మిరపకాయలు పడుకున్నాయి, పత్తి పడుకుంది, నేను ఒక్క పూట పడుకోలేదు దీని కింద," అంది. పేపరు మడిచి, "పోదామా?" అంది.

అక్క జన్మలో నన్ను ఏదీ అడగలేదు. తిరుపతి, శ్రీశైలం తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. పోదామన్నాను.

ఆ తర్వాత మూడు నెలలు మేం చేసిందంతా పోల్చడమే. బ్రాడీపేటలో ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి ఆ పార్కు చుట్టూ గుడారాల బసలు ఏమేం ఉన్నాయో వెతికించాను. పేజీ తెరుచుకోవడానికి ఐదేసి నిమిషాలు పట్టేది. ఫొటోలు పైనుంచి కిందికి ముక్కలు ముక్కలుగా దిగేవి. దొరికినవన్నీ అచ్చు వేయించుకుని అక్క దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. ఆమె మిషన్ బల్ల మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, కొలతల పుస్తకం తెరిచేది. చివరికి మూడు మిగిలాయి.

మొదటిది అటవీ శాఖ వాళ్ళది. పార్కు గేటు లోపలే. మట్టి నేల మీద పాత ఖాకీ గుడారాలు, ఇనుప మంచాలు. రజాయిలు మనమే తీసుకెళ్ళాలి. స్నానాల గది వంద అడుగుల దూరం, అందరికీ కలిపి ఒకటే. అక్క ఫొటో మీద వేలు పెట్టి చెప్పింది: "గుడ్డ మంచిది. అచ్చం నూలు. నాలుగు చినుకులు పడగానే దారం ఉబ్బి సందు మూసుకుంటుంది. లోపల్నుంచి వేలు పెట్టి తాకకుండా ఉంటే చుక్క దిగదు. కానీ పాతబడింది, పైన కుట్టు తెగుంటది."

రెండోది గేటు బయట ఒక పెద్ద కంపెనీది. తెల్లటి గుడారాలు, లోపల ఎర్ర తివాచీ, ఒక్కోదానికీ విడిగా బాత్రూము, అద్దం, నిలువు దీపం. నాకు చూడగానే నచ్చింది. అక్క పెదవి విరిచింది. "ఇది పెళ్ళి షామియానా. నైలాను గుడ్డ. మనిషి ఊపిరి తగిలితే తెల్లారేసరికి లోపల వాన కురుస్తది. కింద సిమెంటు. ఆ చలికి నా మోకాళ్ళు ఉంటాయా?"

మూడోది వేరు. నేలకు రెండడుగులు ఎత్తున గుంజల మీద చెక్క నేల వేసి, నడుము ఎత్తు దాకా చెక్క గోడలు కట్టి, ఆ పైన కాన్వాసు కప్పారు. సగం గది, సగం గుడారం. కాన్వాసు మీద జానెడు ఎడంగా ఇంకో కాన్వాసు. దానికి నిజమైన చెక్క తలుపు, లోపలినుంచి వేసుకునే గడియ ఉన్నాయి. మిగతా రెండింటికీ జిప్పో, కట్టుకునే తాళ్ళో.

అక్క రెండు పొరల మధ్య ఎడం చూసి, "ఇది పనిమంతుడు కట్టిన సరుకు," అంది. నేను గడియ చూశాను. ఊరు కాని ఊళ్ళో ఇద్దరం ఆడవాళ్ళం. గడియ ఉన్న తలుపు ఉంటే మంచిదనుకున్నాను. ఆ ఒక్క గడియ కోసం మూడోదాన్ని ఎంచుకున్నాం. బ్రాడీపేటలోనే ఒక ట్రావెల్స్ ఆయన ఫోను చేసి, మూడు రోజులకు నా పేరు మీద రాయించాడు. చేతికిచ్చిన కాగితంలో నా ఇంటిపేరు, పొడి అక్షరాలు, పక్కన 'ఇద్దరు' అని ఉంది. నేను ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాను. పడక ఎత్తు, కిటికీ దిక్కు, వేడినీళ్ళ వేళ, భోజనంలో కారం ఉంటుందా లేదా, అన్నీ కనుక్కున్నాం. అడగాల్సిన ఒక ప్రశ్న ఉందని మాకు తట్టనే లేదు.

రెండు రోజులు రైలు, ఒక పూట బస్సు, ఆపైన జీపు. దారిలో అక్క కిటికీ వదల్లేదు. దేవదారు చెట్టు మొదటిసారి కనబడ్డప్పుడు నేను చిన్నపిల్లలా అరిచాను. పాఠంలో బొమ్మ గీయించడమే గాని ఆ చెట్టును నేనూ ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం రెండింటికి ఆ బస ముందు దిగాం. ఫొటోలో ఉన్నట్టే ఉంది. గుంజల మీద చెక్క గదులు, పైన ఆకుపచ్చ కాన్వాసు. అక్క సంచీ కింద పెట్టి నేరుగా మొదటి గుడారం దగ్గరికి పోయి, గుడ్డ అంచు మడిచి కుట్టు చూసింది. నావైపు తిరిగి బాగుందన్నట్టు తలూపింది. ఆ ప్రయాణంలో ఆమె మొహం వెలిగింది అదే ఆఖరిసారి.

ఆఫీసు గదిలో మేనేజరు ఉన్నాడు. నా వయసువాడే. నలభై దగ్గర. ఇస్త్రీ చొక్కా, మెడలో మఫ్లరు. నేను కాగితం ఇచ్చాను. చిన్నప్పుడు సెలవుల్లో పరీక్షలు కట్టి నేర్చుకున్న హిందీ నాకు బాగానే వచ్చు. అక్కకు ఒక్క ముక్క రాదు.

కాగితం చూసి, నా వెనక్కి చూసి, హిందీలో అడిగాడు. "సార్ ఏరీ? సామాను దింపుతున్నారా?"

"సార్ ఎవరూ లేరు. ఆ పేరు నాదే. ఈమె మా అక్క."

అతను పెన్ను కింద పెట్టాడు. "అంటే ఒంటరి ఆడవాళ్ళా?"

ఇద్దరం నిలబడి ఉన్నాం అతని ఎదురుగా. ఒంటరి ఆడవాళ్ళా అన్నాడు.

తర్వాత అతను చెప్పింది ఇన్నేళ్ళయినా నాకు ప్రతి ముక్కా గుర్తుంది. ఇక్కడికి కుటుంబాలు వస్తాయి. మగతోడు లేకుండా ఇంత దూరం వచ్చే ఆడవాళ్ళు ఎలాంటివాళ్ళో మాకేం తెలుసు? మిగతా కుటుంబాలవాళ్ళు అభ్యంతరం చెబుతారు. రేపు ఏదైనా జరిగితే పేరు పోయేది మాది. ఇదంతా మీ భద్రత కోసమే. గట్టిగా కూడా అనలేదు. పాఠం చెబుతున్నట్టు నెమ్మదిగా, చిరునవ్వుతో చెప్పాడు. అతని వెనక చెక్క పలక మీద తాళం చెవులు వేలాడుతున్నాయి. సగానికి పైగా అక్కడే ఉన్నాయి.

"ఏమంటున్నాడే?" అంది అక్క.

నేను, "గది ఇంకా సిద్ధం కాలేదంటున్నాడక్కా. కాసేపు కూర్చోమంటున్నాడు," అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పుడు ఆలోచించలేదు. నోటినుంచి దానంతట అదే వచ్చింది. అక్క బెంచీ మీద కూర్చుంది.

నేను బతిమాలడం మొదలుపెట్టాను. అవును, బతిమాలాను. నేను ప్రభుత్వ టీచరునని, ఇదిగో నా గుర్తింపు కార్డని, మా అక్క పెద్దదని, మోకాళ్ళ నొప్పులని చెప్పాను. అతను కార్డు తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు. "మీ భర్తగారున్నారా?" అన్నాడు. ఉన్నారన్నాను. "అయితే ఆయనతో ఒకసారి మాట్లాడించండి. ఆయన సరేనంటే ఆలోచిస్తాను," అని ఫోను నావైపు జరిపాడు.

నేను ఆ ఫోను తీసుకున్నాను. ఈ ఒక్క మాట రాయడానికే నాకు ఇంతకాలం పట్టింది. నా తరగతిలో అరవై మంది పిల్లలు నేను లోపలికి వస్తే లేచి నిలబడేవాళ్ళు. పదిహేనేళ్ళ సర్వీసు నాది. చెక్క గదిలో పడుకోవడానికి అనుమతి కోసం నేను చీమకుర్తి క్వారీ ఆఫీసుకు నంబరు తిప్పాను. మోగింది. ఎవరో ఎత్తి, సార్ గోతిలో దిగున్నారు, గంటాగి చెయ్యండన్నారు. పెట్టేశాను.

"ఎవరికే ఫోను?" అక్క బెంచీ మీదనుంచి అడిగింది.

"ఇంటికి. చేరామని చెబుదామని."

అప్పుడే ఒకాయన టీ గ్లాసుతో లోపలికి వచ్చాడు. మా తెలుగు విని ఆగాడు. బెజవాడ నుంచి భార్యాపిల్లలతో వచ్చాడట, ముందు రోజే దిగాడట. మనిషి మర్యాదస్తుడు, అందులో అబద్ధం లేదు. మేనేజరును రెండు ముక్కలు అడిగి, సంగతి తెలుసుకుని, అక్క దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మగవాళ్ళు లేకుండా వస్తే ఇక్కడ ఇవ్వరంటండి. ఎట్టాంటివాళ్ళో ఏమోనని వీళ్ళ అనుమానం. మీరేం బాధపడకండి. నేను మా బంధువులని చెబుతాను. మా పక్క గది ఖాళీగానే ఉంది. మా అక్కయ్యలని రాయిస్తాను, సరిపోద్ది."

నా ప్రాణం లేచి వచ్చింది. నిజంగా ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది. 'అలాగేనండి' అనబోతున్నాను.

అక్క లేచింది. ముందు ఆయన వంక చూసింది. తర్వాత నా వంక. నా వంక చూసిన ఆ చూపు ముందు మేనేజరు అన్నవి ఏమీ కావు.

"నాయనా, నీ మనసు మంచిది," అంది ఆయనతో. "కానీ రాయించడానికి నేను నీకేమవుతాను? నా ఇంటిపేరు నాకుంది, నా దుకాణం మీద నా పేరుంది. నలుగురు మనుషులు నా దగ్గర పనిచేసి ఇళ్ళు గడుపుకుంటున్నారు. ఇప్పుడు ఈడికి నేను మనిషినని చెప్పడానికి నిన్ను అడ్డం పెట్టుకోవాలా?"

ఆయన, "అది కాదమ్మా, ఏదో సాయానికి..." అన్నాడు.

అక్క మేనేజరు బల్ల దగ్గరికి వచ్చింది. మా కాగితం అతని ముందు బోర్లించి పెట్టింది, ఖాళీ వైపు పైకి వచ్చేట్టు.

"రాసిమ్మను," అంది నాతో.

"అక్కా..."

"రాసిమ్మనవే. ఈ ఆడవాళ్ళకు మగోడు లేడు గనక గది ఇవ్వలేదని కింద సంతకం పెట్టమను. నేను గోల చెయ్యను, కదలమంటే కదులుతాను. కాగితం ఇమ్మను."

ఈసారి ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. నా గొంతు నాకే తెలియనంత పెద్దగా వచ్చింది. మేనేజరు చిరునవ్వు మొదటిసారి పోయింది. అలాంటివి రాసి ఇవ్వం అన్నాడు. ఎందుకివ్వరు అన్నాను. రూలంటే బోర్డు మీద రాసి ఉండాలి కదా, ఎక్కడ రాసి ఉంది, చూపించండి అన్నాను. ఇది యాజమాన్యం నిర్ణయం అన్నాడు. యాజమాన్యం నిర్ణయాన్నే రాయండి అన్నాను. పెన్ను తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు. మా మొహం మీద అనగలిగిన మాటను అతను కాగితం మీద పెట్టలేకపోయాడు. మాట తప్పని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. అది అర్థమైన క్షణంలో నాకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. బల్ల మీదున్న గంటను అతని మీదికి విసిరేద్దునేమో. విసరలేదు. సంచులు ఎత్తుకుని బయటికొచ్చాం. బెజవాడ ఆయన మెట్ల దాకా వచ్చి, "మీరు అనవసరంగా పంతానికి పోతున్నారండి," అన్నాడు.

జీపు అప్పటికే వెళ్ళిపోయింది. గేటు దాకా మైలు పైన ఎక్కుడు దారి. సన్నటి వాన మొదలైంది. అక్క ముందు నడిచింది. ఆ మోకాళ్ళతో ఆమె అంత వేగంగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను సంచి పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

గేటు దగ్గర అటవీ శాఖ గది. గుమాస్తా ముసలాయన, చలికి కుంపటి ముందు చేతులు చాపుకుని ఉన్నాడు. ముందస్తు ఉత్తరం లేదని, అయినా గుడారం కావాలని, వినడానికి సిద్ధంగా లేనివాళ్ళతో మాట్లాడినట్టు గబగబా చెప్పాను. ఇంకేం అడుగుతాడో దానికి జవాబులు పళ్ళ వెనక పెట్టుకుని నిలబడ్డాను.

"ఎంతమంది?" అన్నాడు.

"ఇద్దరం."

"రెండు మంచాలు," అని పుస్తకంలో రాసుకున్నాడు. "రజాయిలు తెచ్చుకున్నారా? లేకపోతే క్యాంటీన్లో అడిగి చూడండి."

అంతే. ఇంకేం అడగలేదు. నాకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. ఇంత చిన్న పనా? ఎంతమంది అని అడిగి రెండు అని రాయడమేనా? దీనికోసమేనా ఆ బల్ల ముందు నేను గుర్తింపు కార్డు చూపించుకున్నది, మొగుడికి ఫోను తిప్పింది? నాకు వెనక్కి పరిగెత్తి వెళ్ళి ఆ మేనేజరును ఈ ముసలాయన ముందు నిలబెట్టాలనిపించింది.

గుడారం అక్క అప్పుడు చెప్పినట్టే ఉంది. గుడ్డ మంచిది, పై కుట్టు జానెడు మేర తెగి ఉంది. అక్కడినుంచి నా మంచం మీద చుక్కలు పడుతున్నాయి. అక్క చూసింది. నా మంచం పక్కకు లాగి, తన మంచం మీద అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. కొండ కనబడింది. మేం ఇన్ని వందల మైళ్ళు వచ్చింది దానికోసమే. మంచు మీద ఎండ పడి కళ్ళు చెదురుతోంది. నేను రెండు గ్లాసుల టీ తెచ్చి, "అక్కా, చూడు," అన్నాను.

"నువ్వు నాకేం చెప్పావు నిన్న?" అంది. కొండ వంక చూడకుండానే.

"నువ్వు బాధపడతావని..."

"గది సిద్ధం కాలేదన్నావు. ఇంటికి చేరామని ఫోను చేశానన్నావు. ఆ బెజవాడాయన చెప్పకపోతే ఆడికి దణ్ణాలు పెట్టి, ఈయనకు అక్కనై, ఆ గదిలో హాయిగా పడుకుని, బాగుందే అని ఇంటికి పోయేదాన్ని. నవ్వుకునేవాళ్ళు ఆళ్ళు."

"నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదక్కా."

"నువ్వెప్పుడూ చెప్పాలని చెప్పవు. మీ బావ పోయినప్పుడు యార్డు వాళ్ళు దుకాణం మీద మాట్లాడటానికి వచ్చారు. బయట నీతో మాట్లాడి పోయారు. నాకేం చెప్పావు? 'కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమంటున్నారక్కా' అన్నావు. ఆళ్ళన్నది అదా?"

కాదు. ఆడది ఆ బజార్లో గద్దె మీద కూర్చుంటే మర్యాద కాదని, దుకాణం అమ్మేయమని చెప్పి పోయారు. నేను దాన్ని విశ్రాంతిగా మార్చి ఆమెకు అందించాను. ఆ మాట నమ్మి ఆమె ఆరు నెలలు ఇంట్లో కూర్చుంది. అసలు మాట ఆమెకు ఎప్పుడు తెలిసిందో, ఎవరు చెప్పారో, నేను అడగలేకపోయాను.

"ఆ ఆరు నెలలు నాకెవరిస్తారే?" అంది అక్క. "తిట్టినవాడి మీద నేను కోపపడాలి. వాడు తిట్టాడని నాకు తెలిస్తే గదా? మధ్యలో నువ్వు మింగేస్తే ఆ కోపం నేనెక్కడ పెట్టుకోను?"

గట్టిగా అరిచింది. క్యాంటీన్ వాళ్ళు తిరిగి చూశారు. నేనూ అరిచాను. నీలాగా అరిచి బతకడం అందరికీ చేతకాదన్నాను. నాకూ ఒళ్ళు మండిందన్నాను. "మండితే వాడి ముందు మండాల్సింది," అంది. టీ చల్లారిపోయింది. ఇద్దరం ఏడ్చాం, వేరువేరు దిక్కులు చూస్తూ.

మధ్యాహ్నం అక్క క్యాంటీన్ నుంచి గోనెసంచులు కుట్టే దబ్బనం, దారం సైగలతో అడిగి తెచ్చుకుంది. ముసలి గుమాస్తా నిచ్చెన వేయించాడు. ఎక్కి, తెగిన కుట్టు మొత్తం ఊడదీసి మళ్ళీ కుట్టింది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. కుట్టుకుట్టుకూ దారాన్ని ఆమె లాగిన లాగుడు చూస్తే ఎవరి పీక బిగిస్తోందో తెలిసిపోయేది. దిగాక, "ఇంక కారదు," అంది. రెండు రోజుల్లో నాతో అన్న మొదటి మంచి మాట అది. మిగిలిన రోజు అడవిలో తిరిగాం. దుప్పుల్ని చూశాం, పేర్లు తెలియని పిట్టల్ని చూశాం. బాగుంది. కానీ నేను చూసిన ప్రతిదాని మధ్యలోకి ఆ మఫ్లరు, ఆ చిరునవ్వు వచ్చి నిలబడ్డాయి. ఆ కొండను నాకు సగమే చూడనిచ్చాడు వాడు. దానికి నేను వాణ్ణి క్షమించలేదు.

గుంటూరు దిగగానే బ్రాడీపేట ట్రావెల్స్ ఆయన దగ్గరికి వెళ్ళాను. "అయ్యో మేడమ్, ఇద్దరూ లేడీసేనని మీరు ముందే చెప్పాల్సిందండి. నేను ఎవరో ఒకరి పేరు పక్కన వేయించేవాణ్ణి," అన్నాడు. బడి తెరిచాక స్టాఫ్ రూములో చెబితే, మా తెలుగు మేడమ్ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, "అయినా అంత దూరం ఒంటరిగా ఎందుకెళ్ళారమ్మా?" అంది. "ఇద్దరం వెళ్ళామండీ," అన్నాను. "అదేలెండి," అంది. ఆమెకు నిజంగానే తేడా కనబడలేదు.

మా ఆయన అంతా విని, "నేను ఫోన్లో దొరికుంటే సరిపోయేది. ఒక్క మాట చెప్పేవాణ్ణిగా," అన్నారు. చెడ్డవారు కాదు. నన్ను ఎక్కడికీ వెళ్ళొద్దని ఎప్పుడూ అనలేదు. అందుకే ఆ మాట నాకు మరీ కాలింది. "మీరు దొరకనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను," అన్నాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. వివరించాను. "చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నావు," అన్నారు. నాలుగు వారాలు, అంటే ఆయన వచ్చిన నాలుగు ఆదివారాలు, వడ్డించాను గాని మాట్లాడలేదు. ఐదో ఆదివారం ఆయనే, "నన్ను అడగమన్నాడంటే నిన్ను లెక్కలోకి తీసుకోలేదనేగా," అన్నారు, చాలాసేపు ఆలోచించినట్టు. అంతకు మించి ఆయనా అనలేదు, నేనూ లాగలేదు.

ఆ మాటలన్నీ, ట్రావెల్స్ ఆయనవి, స్టాఫ్ రూము మాటలు, మా ఆయనవి, ఈసారి అక్కకు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆమె ఒక్కోదానికీ ఒక్కో తిట్టు తిట్టి, హాయిగా నవ్వింది.

ఇద్దరం కూర్చుని ఆ బస యజమానులకు ఉత్తరం రాశాం. అక్క చెప్పింది తెలుగులో, నేను రాసింది ఇంగ్లీషులో. రెండు నెలలకు జవాబు వచ్చింది. 'డియర్ సర్' అని మొదలైంది. మీ కుటుంబానికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, మరోసారి సకుటుంబంగా రావలసిందని. ఉత్తరం కింద నా పేరు పూర్తిగా రాశాను నేను. వాళ్ళు చదివి ఉంటే కదా తెలిసేది. అక్క ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మిషన్ కాలు కింద ఎత్తుకు పెట్టింది. నేను రెండో ఉత్తరం రాశాను. దానికి జవాబే లేదు.

మరుసటి వేసవికి మళ్ళీ పోల్చడం మొదలుపెట్టాం. అప్పటికి నాకు సెల్‌ఫోన్ వచ్చింది. ఈసారి గుడ్డ, నేల, వేడినీళ్ళు తర్వాత. ఒక్కో బసకూ ఫోను చేసి మొదటే అడిగేదాన్ని: ఇద్దరం ఆడవాళ్ళం వస్తాం, వెంట మగవాళ్ళెవరూ రారు, ఇస్తారా ఇవ్వరా? కొందరు ఇస్తామన్నారు. కొందరు తర్వాత చెబుతామని పెట్టేశారు. ఒకతను, వేరే కొండలో వేరే బస వాడు, "మేడమ్, మీ హస్బెండుతో ఒకసారి చేయించండి," అన్నాడు.

అది మధ్యాహ్నం భోజనాల వేళ. స్టాఫ్ రూములో పదిమంది ఉన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"చేయించను. డబ్బు కట్టేది నేను, పడుకునేది నేను, అడుగుతున్నది నేను. నాకు చెప్పాల్సిన జవాబు నాకే చెప్పండి. మీ గుడారం ఎలాంటి మనుషులకిస్తారో మీకు తెలియకపోతే తలుపు మీద రాసిపెట్టుకోండి," అని హిందీలో అరిచాను. మళ్ళీ అదే తెలుగులో అరిచాను. అతనికి తెలుగు రాదు. స్టాఫ్ రూముకు వచ్చు. అవతల అతను ఎప్పుడో పెట్టేశాడు. నేను చెప్పడం పూర్తయ్యాకే ఫోను దింపాను. తెలుగు మేడమ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం ఆమె ఒక్కతే నా బల్ల దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, "ఆ ఇస్తామన్నవాళ్ళ నంబర్లు నాక్కూడా రాసిస్తారా?" అంది. వాళ్ళ చెల్లెలితో కలిసి ఎక్కడికైనా వెళ్ళాలని ఉందట, చాలా ఏళ్ళనుంచి. కాగితం తీసి, ఒక్కో బస పేరు పక్కన నేల ఎలాంటిదో, తలుపుకు గడియ ఉందో లేదో కూడా రాసిచ్చాను.